ముదీర్‌కి బొప్పాయి పెట్టిన రోజు

ఉదయం పదీ ఇరవైకి లైబ్రరీలో ఫోన్ మోగింది. అది వింతేమీ కాదు. ఎక్స్‌రే విభాగానికి చేయబోయి మాకు చేసేవాళ్ళు రోజూ ఉంటారు. కానీ ఆ ఒక్క ఫోన్ వల్ల మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో సగం మంది సూట్‌కేసులు దులుపుకున్నారు. మిగతా సగం మంది మా డైరెక్టర్‌కి విరేచనం సాఫీగా కావాలని మనసులో ప్రార్థన చేసుకున్నారు. ఈ ఘనకార్యంలో నాకు పెద్దగా ఎవరి సాయమూ లేదు. ఆ వివరం చెప్తాను, నవ్వుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. అప్పటి సుగుణకి, అంటే అప్పటి నాకు, ఉంటే ఉండొచ్చు.

సౌదీలో కొండల మీదుండే అభా ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నేను లైబ్రేరియన్ని. ఆసుపత్రికి లైబ్రరీ ఎందుకని తెనాలిలో మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. నేను రోగులకి నవలలు పంచుతాననుకుంటారు. నిజానికి మా దగ్గరికి వచ్చేవి ప్రశ్నలు. బీపీ మాత్రతో నల్లజీలకర్ర తినొచ్చా? కాకరకాయ రసం తాగితే షుగర్ మాత్ర మానేయొచ్చా? మంగళవారం సంతలో అమ్మే ఈ వేరు పేరేమిటి, ఇది కీళ్ళకా, కిడ్నీకా? డాక్టర్లు అడుగుతారు, నర్సులు అడుగుతారు, రోగుల బంధువులు అడుగుతారు.

తినండి, తినకండి అని మేం చెప్పకూడదు. పుస్తకం ఏమంటోందో వెతికి చూపించి, ఇది తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండని పంపాలి. అయితే వెతకడానికి ముందే మేం మూడు ఎదురు ప్రశ్నలు వేయాలి. ఎవరికి? ఇంకేం మందులు వాడుతున్నారు? ఎప్పటి నుంచి? చదువుకునేటప్పుడు ఈ మూడింటి మీద పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఈత మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి కాలవలోకి తొయ్యకూడదని నాకు అప్పటికి తెలియదు.

అవి నితాకత్ రోజులు. ప్రతి కంపెనీలో సౌదీవాళ్ళు ఎందరు, బయటివాళ్ళు ఎందరు అని లెక్కగట్టి కంపెనీకి ఒక రంగు ఇచ్చేవారు. ఆకుపచ్చ అయితే క్షేమం, ఎరుపు అయితే గండం, మధ్యలో పసుపు. మా ఆసుపత్రి పసుపులో పడింది. దానికి తోడు బయటివాళ్ళలో తలకింతని లెవీ పన్ను. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని పైవాళ్ళు రోజూ కూర్చుని మాట్లాడుకునేవారు. యాన్బులో ఒక ఆసుపత్రిలో లైబ్రరీ ఎత్తేసి ఆ గదిలో ఫొటోకాపీ యంత్రం పెట్టారని వార్త వచ్చింది. అది విన్నప్పటి నుంచి మా ఫొటోకాపీ యంత్రాన్ని చూస్తే నాకు సవతిని చూసినట్టుండేది.

డైరెక్టర్‌ని అక్కడ ముదీర్ అంటారు. మా ముదీర్ డాక్టరు కాదు, పరిపాలన చదువుకున్న మనిషి. పొడుగ్గా, గంభీరంగా ఉండేవాడు. లైబ్రరీ సంగతి నెలాఖరుకి తేలుస్తానని ఆయన నాతోనే చెప్పాడు. లైబ్రరీ పోతే నా ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఇకామా అనే అనుమతి కార్డు, దానితో పాటు ఆ దేశంలో నా నివాసం. అంతా ఆయన చేతిలో ఉంది.

ఆ రోజు పదీ ఇరవైకి ఫోన్ చేసింది ఆయనే.

"సిస్టర్ సుగుణా, ఒక సంగతి కావాలి. ఒక మనిషి ఉన్నాడనుకోండి. గుండెకి డిగాక్సిన్ వాడుతున్నాడు. విరేచనం కావడం లేదని రోజూ సనా మక్కీ తాగుతున్నాడు. ఏమవుతుంది?"

సనా మక్కీ అంటే మన సునాముఖి ఆకు. మక్కా పేరు చెప్పి అమ్ముతారు కాబట్టి అక్కడ దాన్ని శంకించేవాళ్ళు ఉండరు.

ఇక్కడ నేను అడగవలసింది ఒక్క మాట: "ఎవరికి సర్?" అడగలేదు. ముదీర్ అంతటివాణ్ణి పట్టుకుని "విరేచనం కానిది తమరికేనా?" అని ఎలా అడగను? తెనాలిలో మా హెడ్మాస్టర్‌కి జలుబు చేస్తే దాన్ని కూడా మేం గారూ అనేవాళ్ళం. పైగా అడగాల్సిన అవసరం ఉందనిపించలేదు. నేను అనుభవం ఉన్నదాన్ని. సిగ్గుపడే ప్రశ్నలన్నీ "ఒక ఫ్రెండ్ కోసం" అనే మొదలవుతాయి. ఆ ఫ్రెండ్ ఎప్పుడూ ఎదురుగా కూర్చున్నవాడే. 'ఒక మనిషి' అనగానే నాకు అర్థమైపోయింది. పాపం, అంత పెద్ద మనిషికి ఎంత బాధ!

"సాయంత్రానికల్లా పంపిస్తాను సర్" అన్నాను.

పంపించాను. ఎదురు ప్రశ్న వేసి ఉంటే ఆయనకి కావలసింది ఒక్క పేజీ అని తెలిసేది. వేయలేదు కాబట్టి సునాముఖి గురించి దొరికిందంతా పంపాను. అది ఏ నేలలో పెరుగుతుంది, ఎన్ని రకాలు, ఏ కాలంలో ఏ ఓడల మీద ఏ దేశాలకి వెళ్ళింది, ఆకు మంచిదా కాయ మంచిదా. లైబ్రరీ ఎంత గొప్పదో ఆయనకి తెలియాలి కదా. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారంటారు. నేను పిచ్చుక మీదికి బ్రహ్మాస్త్రాలు తయారుచేసే కార్ఖానాని తోలాను. కావలసిన పేజీ కూడా అందులో ఉంది. వివాహ భోజనంలో ఉప్పు ఉన్నట్టు ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది.

నేను మితభాషిని. ఇది గొప్పకి చెప్పడం లేదు, మాట్లాడటం నాకు చేతకాదు. ఆ మాట్లాడే కాస్తా మరియమ్మక్కతోనే మాట్లాడేదాన్ని. చీరాల దగ్గర ఊరు ఆమెది. గుండె వార్డులో హెడ్ నర్సు. హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. ఆ సాయంత్రం ఆమె వంకాయ, ఎండురొయ్యలు వండుతోంది.

"ఏందమ్మాయ్, మొకం ఎలిగిపోతా ఉంది?"

"ముదీర్ నన్ను ఒక ప్రశ్న అడిగాడక్కా."

"ఏం అడిగాడు?"

"అది చెప్పకూడదక్కా. మా వృత్తిలో రహస్యం."

"అయితే సెప్పమాక."

అని గరిటె తిప్పుతూ కూర్చుంది. మరియమ్మక్క పద్ధతే అది. ఆమె అడగదు. ఊరుకుంటుంది. ఎదుటివాళ్ళు ఆ ఊరుకోవడాన్ని భరించలేరు. ఎదురు ప్రశ్నల గురించి నేను చదివిన పాఠాలన్నీ ఆ గరిటె ముందు దిగదుడుపే.

"నిద్ర పట్టట్లేదంటనా?" అంది చాలాసేపటికి, రొయ్యలతో చెప్తున్నట్టు.

"నిద్ర కాదు."

"మరి బీపీనా?"

"గుండె ఉందిలే, కానీ అసలు బాధ అది కాదు."

"అయ్యో నాయనా! ఇంకేంది?"

"కడుపు."

"కడుపులో ఏముంది?"

"ఏముందో అది కిందికి రావడం లేదక్కా."

మరియమ్మక్క గరిటె ఆగింది. "మారాజు! ఎప్పుడు సూసినా కారం మింగినోడిలా ఉంటాడేందా అనుకుంటా ఉన్నా. ఇదన్నమాట."

"అక్కా, ఎవరికీ చెప్పకు."

"ఏసయ్య మీద ఒట్టు. ఈ గోడ దాటదు."

ఆమె మాట తప్పలేదు. ఆ సంగతి గోడ దాటలేదు. గోడకి తలుపు ఉంది, అందులోంచి వెళ్ళింది.

మర్నాడు పొద్దున నేను గేటు దగ్గర ఉండగానే యాదగిరి కనిపించాడు. కరీంనగర్ మనిషి, ముదీర్ కారు డ్రైవరు.

"మేడం, సార్‌కు పాణం మంచిగ లేదంట గద? గుండెల నీళ్ళు జేరినయంట?"

"ఎవరు చెప్పారు యాదగిరీ?"

"అందరంటున్రు. నేను మస్తు పైలంగ తోలుకొచ్చిన. స్పీడ్ బ్రేకర్ కాడ బండి ఆపి, సార్ మీరు దిగి నిలవడుండ్రి, నేను దాటిచ్చి తీస్కపోత అన్న."

"దిగారా?"

"యాడ దిగిండు! నా దిక్కు జూసిన సూపు, ఏం జెప్పాలె మేడం. పాపం, నొప్పి తోటి ఉండొచ్చు."

నా కాళ్ళ కింద అభా కొండ కాస్త కదిలినట్టైంది. లైబ్రరీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. లాభం లేదు. వార్తలు కాగితాలతో పాటు తలుపు కిందినుంచి కూడా వచ్చాయి. సెక్యూరిటీవాడు ముదీర్‌ని మెట్లు ఎక్కనివ్వకుండా లిఫ్టు దాకా చేయి పట్టుకుని నడిపించాడట. క్యాంటీన్లో ఆయన కబ్సా, అంటే మాంసం అన్నం, తెమ్మంటే బొప్పాయి ముక్కలు పంపారట. ఫార్మసీలో ఉండే పెషావర్ ఖాన్ సాబ్ స్వయంగా పైకి వెళ్ళి, "శర్మానా క్యా ముదీర్ సాబ్, సబ్‌కో హోతా హై!" అని, సిగ్గెందుకు, అందరికీ అయ్యేదేనన్నట్టు ఇసబ్‌గోల్ డబ్బా బల్ల మీద పెట్టి వచ్చాడట. ఉల్లి చేసిన మేలు తల్లి చేయదని మనవాళ్ళు అంటారు. ఆ రోజు మా ఆసుపత్రిలో ఉల్లి ఒక్కటే మిగిలింది, మిగతావన్నీ ఆయన గదికి చేరాయి.

మధ్యాహ్నానికి కథ ఇంకో మలుపు తిరిగింది. ముదీర్ జబ్బుతో రాజీనామా చేస్తున్నాడు. కొత్త ముదీర్ వస్తాడు. కొత్తాయన రాగానే పసుపు రంగు పోగొట్టడానికి బయటివాళ్ళందరి పాస్‌పోర్టుల మీద ఖురూజ్ కొట్టిస్తాడు. ఖురూజ్ అంటే వెళ్ళిపోయే ముద్ర, దానితో వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేరు. ఆ రోజుల్లో ఏ పుకారైనా ఎక్కడ మొదలైనా ఖురూజ్ దగ్గరే ఆగేది. పిల్లల వార్డులో ఇద్దరు నర్సులు ఏడ్చారు. ఒకావిడ సూట్‌కేసు దించింది.

మరియమ్మక్క లైబ్రరీకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్, నేను మా వార్డులో ఒక్క నర్సు గ్లోరీకే సెప్పా. అదీ పేరు సెప్పలా. పెద్దాయన అన్నా."

"ఆసుపత్రిలో పెద్దాయన ఎంతమంది ఉన్నారక్కా?"

"అదే గదా. ఆ ముండ ఎట్టా కనిపెట్టిందో!"

అంతలో ఫోన్ మోగింది. ముదీర్ గారు రమ్మంటున్నారని ఆయన సెక్రటరీ చెప్పాడు.

మరియమ్మక్క నా చున్నీ సరిచేసింది. "త్రిఫల పంపిచ్చింది కూడా నేనే. తేనెలో కలుపుకోమని సెప్పు" అంది.

ముదీర్ గది పెళ్ళివారి విడిదిలా ఉంది. బల్ల మీద బొప్పాయి పళ్ళెం, ఇసబ్‌గోల్, త్రిఫల సీసా, ఆముదం, నానబెట్టిన అంజీర, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళ డబ్బా. ఎవరు పంపారో, వేడినీళ్ళ సంచీ కూడా ఉంది. వాటి వెనక ఆయన. బొప్పాయి పళ్ళెం కింద నేను పంపిన కాగితాల కట్ట.

"ఇవేమిటో చెప్పగలరా?" అన్నాడు.

లైబ్రేరియన్ బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఇది ఇసబ్‌గోల్ సర్. ఇది త్రిఫల, మూడు కాయల పొడి. తేనెతో..."

"పేర్లు అడగలేదు!"

సీసా వైపు చాపిన వేలు వెనక్కి తీసుకున్నాను.

"పొద్దున్నుంచి నా కారు మేకల కంటే నెమ్మదిగా నడుస్తోంది. గేటు దగ్గర నన్ను ముసలివాణ్ణి నడిపించినట్టు నడిపించారు. మీటింగులో నేను కుర్చీలోంచి లేస్తే అందరూ నా వంక ఆశగా చూశారు. ఎందుకు?"

అబద్ధం చెప్పాలన్నా మాటలు కావాలి. నా దగ్గర లేవు. "సర్, మీరు ఒక మనిషి అన్నారు కదా. మీరేననుకున్నాను."

ఆయన ఇసబ్‌గోల్ డబ్బాని పక్కకి జరిపాడు. తర్వాత, పత్రికలవాళ్ళకి ప్రకటన ఇస్తున్నట్టు అన్నాడు: "నా కడుపుకి ఏ లోటూ లేదు. అల్‌హమ్దులిల్లా." గొంతు తగ్గించి, "మా అమ్మ" అన్నాడు.

మా వృత్తి చరిత్రలో 'ఒక మనిషి' నిజంగా ఇంకో మనిషి కావడం అదే మొదటిసారి అయి ఉంటుంది. అది నాకే తగిలింది.

"డాక్టర్లని అడగవచ్చు. కానీ అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అమ్మ ఒప్పుకోదు. ఈ ఆసుపత్రిలో ఎవరితోనూ మాట్లాడని మనిషి మీరొక్కరే. అందుకని మిమ్మల్ని అడిగాను."

బల్ల మీద ఉన్న త్రిఫల సీసా నా తరఫున సిగ్గుపడింది.

ఉద్యోగం పోయిందని తేలిపోయింది. పోయాక భయం ఉండదు. అప్పుడు, ముందురోజు పదీ ఇరవైకి అడగవలసిన మాట నోట్లోంచి వచ్చింది.

"ఎప్పటి నుంచి తాగుతున్నారు సర్?"

"రంజాన్ అయినప్పటి నుంచి. రోజూ."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"నీరసం. అన్నం వద్దంటోంది. వాంతులు. నిన్నటి నుంచి గోడలన్నీ పసుపుగా ఉన్నాయంటోంది. ఆసుపత్రి పసుపులో పడిందని నన్ను దెప్పుతోందనుకున్నాను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండా పెట్టాను. దాని ఫలితం ఒక అమ్మ మీదికే వచ్చింది.

బొప్పాయి పళ్ళెం పక్కకి తీసి కట్టలోంచి ఆ పేజీ లాగాను. "సర్, నేను డాక్టర్ని కాను. నేను చెప్పకూడదు. ఇది చదవండి."

సునాముఖి చాలాకాలం తాగితే ఒంట్లో పొటాషియం తగ్గిపోతుంది. అది తగ్గితే డిగాక్సిన్ విషంలా పనిచేయవచ్చు. వాంతులు, నీరసం, చూపులో పసుపు ఛాయ. వెంటనే డాక్టరు చూడాలి. అన్నీ అక్కడే రాసి ఉన్నాయి.

"ఇది నిన్న సాయంత్రమే నా దగ్గర ఉందా?"

"ఉంది సర్. అడుగున."

"నేను ఓడల దాకా చదివి నిద్రపోయాను" అన్నాడాయన. అప్పటికే లేచి నిలబడ్డాడు. గుండె వార్డుకి ఫోన్ చేసి మంచం సిద్ధం చేయమన్నాడు. ఇంటి నుంచి అమ్మని తేవడానికి నన్నూ, మరియమ్మక్కనీ కారెక్కమన్నాడు.

యాదగిరి మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అలవాటు కొద్దీ బండి ఆపాడు. "సార్, దిగి..."

"నా గుండె బాగుంది! నడుపు!"

ఆ తర్వాత ఆ దారిలో స్పీడ్ బ్రేకర్లు ఉన్నట్టు మాకు తెలియలేదు. మలుపు దగ్గర గోడ మీద కూర్చున్న కోతుల గుంపు లేచి దారి ఇచ్చింది.

ఉమ్మీని ఆ సాయంత్రమే వార్డులో చేర్చారు. ముదీర్ తల్లిని అందరూ ఉమ్మీ, అంటే అమ్మా, అనే పిలిచేవారు. గుండె డాక్టరు రక్తపరీక్ష చూసి, సరిగ్గా సమయానికి తెచ్చారన్నాడు. ఒక రోజు ముందు తేవలసిందని నాకు తెలుసు. ఆ సంగతి నేను ఇప్పటికీ నవ్వుతూ చెప్పలేను. కానీ ఉమ్మీ గట్టి మనిషి. నాలుగు రోజులకల్లా గోడలు తెల్లబడ్డాయి. ఐదో రోజు నన్ను పిలిపించింది. కొప్పులో తులసి లాంటి ఆకేదో పెట్టుకుని, దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన మరియమ్మక్క నాడి చూస్తోంది. ముదీర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నా కొడుకు కడుపు గురించి ఊరంతా చెప్పుకున్నారట. ఎవరి పని బింతీ?"

బింతీ అంటే బిడ్డా అని. నా పనేనని ఒప్పుకున్నాను. మరియమ్మక్క నాడి వదిలేసి కిటికీలోంచి కొండలు చూడసాగింది.

ఉమ్మీ నవ్వడం మొదలుపెట్టింది. మంచం పక్కన యంత్రం కీచుమనేదాకా నవ్వింది. "బాగా చేశావు. చిన్నప్పటి నుంచీ వీడు ఏదీ సూటిగా అడగడు. నీళ్ళు కావాలంటే, 'ఒక పిల్లాడికి దాహంగా ఉంది' అనేవాడు."

ముదీర్ చెవులు ఎర్రబడటం నేను చూశాను. పసుపు అయింది, ఇక ఎరుపు కూడా చూశామని మరియమ్మక్క రాత్రి అన్నం దగ్గర అంది.

నెలాఖరున మీటింగు. నేను ముందే పుస్తకాలు సర్ది, ఫొటోకాపీ యంత్రానికి మనసులో గది అప్పగించి వెళ్ళాను. ముదీర్ లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఈ ఆసుపత్రి మొత్తం నాకు మందులు పంపింది" అన్నాడు. ఖాన్ సాబ్ కళ్ళు దించుకున్నాడు. "డాక్టర్లు పంపారు, ఫార్మసీ పంపింది, వంటవాళ్ళు పంపారు. ఒక్కరు కూడా 'నీకేమైంది' అని అడగలేదు. అడిగింది లైబ్రేరియన్ ఒక్కతే. అది కూడా ఒక రోజు ఆలస్యంగా. అందుకని లైబ్రరీ ఉంటుంది. ఆలస్యం చేసినందుకు ఆమె కూడా ఉంటుంది. ఉండి, కొత్తగా వచ్చే అమ్మాయికి నేర్పుతుంది."

అది శిక్షో బహుమతో నాకు వెంటనే తెలియలేదు. యాదగిరి మాత్రం గుమ్మం దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కొత్తగా వచ్చిన సౌదీ అమ్మాయి పేరు నూఫ్. చురుకైన పిల్ల. ఆమెతో పాటు ఇంకొందరు సౌదీవాళ్ళు చేరారు, ఆసుపత్రి ఆకుపచ్చలోకి వచ్చింది. ఉమ్మీ ప్రతి మంగళవారం సంత నుంచి తిన్నగా లైబ్రరీకి రాసాగింది. ఆమె వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, వాళ్ళ సంచుల్లో వేర్లు, బెరళ్ళు, పొడులు. గదిలో ఏలకుల కాఫీ వాసన నిలిచిపోయింది. నూఫ్ గుమ్మంలోనే అడిగేది: "ఎవరికి? ఇంకేం వాడుతున్నారు? ఎప్పటి నుంచి?" ఎవరైనా పొరపాటున "ఒక మనిషికి" అన్నారా, గదంతా గొల్లుమనేది. ముదీర్ కూడా ఒకసారి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "నాకే" అన్నాడు. "నా మోకాలు. నాదే."

ఆ బొప్పాయి రోజునే నేను ఒట్టు పెట్టుకున్నాను. లైబ్రరీకి వచ్చిన ఏ పాఠకుడి పేరూ జన్మలో మరియమ్మక్కకి చెప్పనని. నిలబెట్టుకున్నాను కూడా. పేరు లేకుండా ప్రశ్న మాత్రం చెప్పేదాన్ని. ఆమె గరిటె తిప్పుతూ తనే ఒక్కో పేరూ అనేది. నేను అవుననీ అనేదాన్ని కాదు, కాదనీ అనేదాన్ని కాదు. "నువ్వు తెలివి మీరావమ్మాయ్" అనేది.

తర్వాత లెవీ పెరిగింది. మరియమ్మక్క ఖురూజ్ మీద చీరాల వెళ్ళిపోయింది. నిరుడు ఆమె కూతురు ఫోన్ చేసింది, అమ్మ పోయిందని. నేను ఎప్పటి నుంచని అడిగాను, ఏం మందులు వాడారని అడిగాను. ఈసారి అన్నీ సరిగ్గానే అడిగాను. అడిగి చేసేదేమీ లేదు.

కాబట్టి పాఠకులారా, బొప్పాయి సాక్షిగా చెప్తున్నాను: ఎవరికని అడగకుండా ఇక ఏ ప్రశ్నకీ జవాబు వెతకను. అడిగినవాడు ముదీర్ కానీ, ముదీర్‌కి ముదీర్ కానీ. పేర్లు ఎలాగూ చెప్పను.

ఇప్పుడు సాయంత్రం పొయ్యి దగ్గర, ప్రశ్నలు కూడా ఎవరికీ చెప్పడం లేదు.